ముందు ఎవరూ లేని చోట

ఠక్.

కాస్త ఆగి, మళ్ళీ ఠక్.

పొగమంచులో కొయ్యసుత్తి చప్పుడది. కొట్టే మనిషి కనపడడు. పొలం కనపడదు. పొలానికి అవతల ఉండాల్సిన స్లీవ్‌నమన్ కొండని ఎవరో ఎత్తుకుపోయినట్టు జాడే లేదు. చప్పుడొక్కటే తడిగడ్డి మీదుగా నడిచొచ్చి గుర్రం చెవుల దగ్గర ఆగుతుంది. జీను మీద కూర్చుని ఎదురుచూస్తున్న ఊనాకి నాన్న ఎక్కడున్నాడో తెలియడానికి ఆ చప్పుడు చాలు. రెండో హర్డిల్ తడిక దగ్గర నేల కింద రాయుంది, అక్కడ దెబ్బ పొడిగా మోగుతుంది. నాలుగో దాని దగ్గరంతా బురద, దెబ్బని మింగేస్తుంది. ఇప్పుడు మింగేసింది. అంటే ఇంకొక్కటే మిగిలింది.

చప్పుడు ఆగాక దగ్గు వినిపించింది. దగ్గు వెనకాల ఒక టోపీ, టోపీ కింద తైగ్ లూబీ, మంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చాడు.

"ఏమే, గుర్రమెక్కి కునుకు తీస్తున్నావా?"

"నువ్వు ఐదు తడికలు పాతేలోపు గుర్రమే కునుకు తీసి లేచింది నాన్నా."

"పొద్దున్నే ముసలాడి మీద పడకపోతే నీకు తెల్లారదు కదా," అంటూ సుత్తి భుజాన వేసుకుని, గుర్రం మూతి ఎక్కడుందో చేత్తో తడుముకుని, దాని ముక్కుపుటాల్లోకి ఒకసారి ఊదాడు. పరిచయం చేసుకోవడం ఆయన పద్ధతిలో అంతే.

టిప్పరరీ చుట్టుపక్కల గుర్రాలు పెంచేవాళ్ళలో ఆ పొలం ఎరగనివాళ్ళు లేరు. హర్డిల్ అంటే చూడ్డానికి ఏముంది, కొమ్మలతో అల్లిన తడిక. మనిషి నడుమంత ఎత్తు. గట్టిగా తగిలితే వాలిపోతుంది. మేకల దొడ్డికి కట్టే కంచెలా ఉంటుంది. కానీ దౌడు మీదున్న గుర్రం దాన్ని ఇంటి గడప దాటినంత మామూలుగా దాటాలి. వేగం తగ్గకూడదు, గాలిలో ఎక్కువసేపు ఉండిపోకూడదు. చదును నేల మీద మెరుపులా పరిగెత్తే పిల్లగుర్రాలు చాలా వరకు ఇక్కడికొచ్చి తెల్లమొహం వేస్తాయి. ఏది వేస్తుందో ఏది వెయ్యదో ముందే చెప్పడమే తైగ్ బతుకు. ఆకులు రాలడం మొదలవగానే ఆయన గేటు ముందు ట్రైలర్లు బారు తీరేవి. వాటిలోంచి ఒకరి అప్పులు, ఒకరి ఆశలు, ఒకరి పంతాలు నాలుగు కాళ్ళ మీద దిగేవి.

గుర్రం దూకుతున్నప్పుడు తైగ్ దాని వైపు చూసేవాడు కాదు. వీపు తిప్పి, కొండ వైపు మొహం పెట్టి నిలబడేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు తెల్లబోయి అడిగితే, "కన్ను లంచం తింటుందయ్యా. ఒళ్ళు నిగనిగలాడితే చాలు, లొంగిపోతుంది. చెవికి లంచం ఇచ్చేవాడు ఇంకా పుట్టలేదు," అనేవాడు. ఎగరబోయే ముందు గిట్టలు పలికే మూడు దెబ్బలు, తర్వాత ఒక నిశ్శబ్దం, ఆ తర్వాత నేల. ఆ నిశ్శబ్దాన్ని ఆయన గుడ్డలకొట్టువాడు బట్ట నలిపి చూసినట్టు చూసేవాడు. తీర్పు రెండే రకాలు. "దూకుతాడు." లేదా, "వద్దు." మారు మాట ఉండేది కాదు. ఎవరైనా మరీ బతిమాలితే మాత్రం నోరు ఊరుకునేది కాదు. "నీ గుర్రం కంచెలు పీకడంలో దిట్ట నాయనా, రైతుకి అమ్ముకో," అని ఒకడితో. "వీడు దూకడం లేదమ్మా, మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసుకుంటున్నాడు. పాదిరీకి ఇచ్చెయ్," అని ఇంకొకామెతో. తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళే మరుసటేడు మళ్ళీ వచ్చేవాళ్ళు.

రెండు శీతాకాలాల కిందట ఆయన కళ్ళలో పాలు విరిగినట్టు తెల్లటి పొర కమ్మింది. ఆ సంగతి ఊనాకి తెలుసు. ఊనాకి తెలుసని ఆయనకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఎలాగూ వీపు తిప్పుకునే మనిషి కాబట్టి బయటివాళ్ళు పసిగట్టడం కష్టమైంది. అయినా సారాకొట్లో గుసగుసలు మొదలయ్యాయి. చీకట్లో సరుకు కొనడానికి తైగ్‌ని తీసుకెళ్ళొచ్చట, దీపం ఖర్చు కలిసొస్తుందట.

ఆ పొలంలో ఇంకొక పెద్దమనిషి ఉండేది, బిషప్ అనే ముసలి తెల్లగుర్రం. ఊపిరి పీలిస్తే ఈల వేసినట్టు ఉండేది. వీపు పల్లకీలా కుంగిపోయింది. కానీ తడికలు చూస్తే చాలు, పైన మనిషి లేకపోయినా సరే, తైగ్ పిర్ర మీద ఒక్క చరుపు చరిస్తే ఐదింటినీ వరసగా దూకి, తిరిగొచ్చి ఓట్స్ గింజలు అడిగేది. పిల్లగుర్రాలకి దారి చూపే ముందుగుర్రం అదే. మొదటి రోజు కొత్తది బిషప్ తోక పట్టుకున్నట్టు వెనకాల పోవాలి. రెండో రోజు పక్కపక్కన. మూడో రోజు బిషప్‌ని లాయంలో పెట్టి తలుపేసి, కొత్తదాన్ని ఒంటరిగా పంపాలి. తైగ్ వినేది ఆ మూడో రోజు. మొదటి రోజు చూసి మురిసిపోయి తీసుకుపోవడం ఆ ప్రాంతంలో గుర్రాలవాళ్ళకి తరతరాలుగా ఉన్న జబ్బు. వెనకాల పోయేది దేన్నయినా దూకుతుంది అని ఆయన చెబుతూనే ఉండేవాడు, వాళ్ళు మురుస్తూనే ఉండేవాళ్ళు.

ఈసారి మంచులో ఊనా కింద నిలబడి ఉన్న నల్లగుర్రం పేరు జాక్‌డా. పొగగొట్టాల్లో గూడు కట్టే చిన్న కాకి పేరది. పక్క పొలం పెగ్ మాహర్‌ది ఆ గుర్రం. పెగ్ మొగుడు డోనల్ తను పెంచిన ఆడగుర్రం చూలుతో ఉండగా పోయాడు. ఆయన సమాధి మీద గడ్డి మొలిచేనాటికి ఇది పుట్టింది. తల్లి పాలివ్వకపోతే సీసా పట్టి తాగించింది ఊనా. దాని వీపు మీద మొట్టమొదట చెయ్యి వేసింది, మొట్టమొదటి జీను వేసింది కూడా ఊనాయే.

ఊనాకి ముప్ఫై దాటాయి. నాన్న పొలంలో ఆమె నేర్పిన గుర్రాలు ఎన్నో పందేలు గెలిచాయి, వేరేవాళ్ళు ఎక్కితే. దూకడం నేర్చుకోగానే ట్రైలర్ వచ్చేది, గుర్రం వెళ్ళేది. రికాబు తోలు రాపిడికి కాలి మీద పడ్డ మచ్చ ఊనాకి మిగిలేది. జాక్‌డా విషయంలో మాత్రం పెగ్ మాటిచ్చింది. "తైగ్ దూకుతాడన్నాడా, పందెంలో నువ్వే ఎక్కుతావు. వద్దన్నాడా, సంతకి పంపేస్తాను. ఓడెక్కి ఇంగ్లండు పోతుంది. దాన్ని కళ్ళముందు ఊరికే పెట్టుకుని నేను మేపలేను పిల్లా, డోనల్ గుర్తొస్తాడు."

అందుకని ఆ పొద్దున ఊనా గుండె గిట్టలకంటే ముందు పరిగెత్తుతోంది.

మంచు కొంచెం పలచబడే వేళకి పెగ్ వచ్చింది, డోనల్ పాత కోటు తొడుక్కుని, బుట్టలో సోడా రొట్టె పెట్టుకుని. "మీ ఇంటి రొట్టె తింటే పన్ను ఊడుతుంది తైగ్, నాది తెచ్చుకున్నా," అంది.

"నీ నోట్లో ఇంకా పన్ను మిగిలుందా పెగ్? నోరు తిరిగే వేగానికి ఎప్పుడో అరిగిపోయి ఉంటాయనుకున్నా."

ఆయన బిషప్‌ని చరిచాడు. ముసలిది ఈల వేసుకుంటూ కదిలింది. జాక్‌డా దాని వెనకాల పట్టుగుడ్డలా సాగింది. మొదటి తడిక. ఊనాకి తను ఎగిరినట్టు అనిపించలేదు, నేలే ఒక్క క్షణం కిందకి వంగి దారిచ్చినట్టనిపించింది. రెండోది, మూడోది. ఇంత తేలికగా ఏ గుర్రమూ ఆమెని మొయ్యలేదు. ఐదోది దాటి తిరిగొచ్చేసరికి పెగ్ కోటు చేతులతో మొహం తుడుచుకుంటోంది.

"డోనల్ చూసుంటేనా..." అంది.

వీపు తిప్పి నిలబడ్డ తైగ్ మెల్లగా ఇటు తిరిగాడు. "మూడో రోజు తర్వాత మాట్లాడదాం పెగ్."

కానీ పెగ్ అప్పటికే మురిసిపోయింది. ఆ మధ్యాహ్నమే, గుర్రాల్ని పందేలకి తయారుచేసే ట్రైనర్‌కి ఫోన్ చేసింది.

రెండో రోజు పక్కపక్కన. నాలుగు తడికలు ఇద్దరన్నదమ్ముల్లా దూకాయి. ఐదో దాని ముందు జాక్‌డా సహజంగానే అరబారు ముందుకొచ్చింది, పాపం బిషప్ ఎంతని పరిగెత్తుతుంది. వచ్చిన మరుక్షణం దాని ఒంట్లో ఒక చిన్న తడబాటు, గడియారం ఒక టిక్కు మింగినట్టు. ముసలిది కలిసేదాకా ఆగి, అప్పుడు దూకింది. ఊనా తొడల కింద అది తెలిసింది. బురదలో జారిందిలే అనుకుంది. అలా అనుకోవడానికి ఆమెకి పెద్ద కష్టం కాలేదు.

మూడో రోజు బిషప్‌ని లాయంలో పెట్టి గడియ వేశారు.

జాక్‌డా పొలం మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. ఊనా మడమలు తాకించగానే బయల్దేరింది, బాగానే బయల్దేరింది. తడిక దగ్గర పడుతుంటే మూడు దెబ్బలు పలకాల్సిన గిట్టలు అయిదో ఆరో పలికాయి. చెవులు రెండూ వెనక్కి తిరిగాయి. మెడ లాయం వైపు మెలితిరిగింది. తడికని చూడనే లేదు. సకిలిస్తూనే రొమ్ముతో దాన్ని గుద్దుకుని అవతల పడింది. పడి లేచి మళ్ళీ సకిలించింది. లాయంలోంచి బిషప్ ఈలలాంటి గొంతుతో బదులిచ్చింది.

మళ్ళీ పంపారు. మళ్ళీ అంతే. మరునాడు, ఆ మరునాడు, ఆ వారమంతా, పై వారమంతా. అవతలి వైపు ఓట్స్ గింజల బక్కెట్టు పెట్టారు. గొర్రెల్ని తోలి నిలబెట్టారు. తైగ్ తనే వెళ్ళి తడిక అవతల నిలబడి ఈల వేశాడు. జాక్‌డాకి తడికలంటే భయం లేదు. బిషప్‌ని బయటికి తీసుకురాగానే నవ్వుతున్నట్టు దూకేసేది. దాని ముందు ఎవరూ లేకపోవడమే దాని భయం.

వంటింట్లో టీ చల్లారిపోతుంటే తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు.

"పందెంలో ఒంటరిగా ఎవరు పరిగెత్తిస్తారు నాన్నా?" అంది ఊనా. "పదిహేను గుర్రాలుంటాయి. ఏదో ఒకటి ముందుంటుంది. దాని తోక చూసుకుంటూ వీడు దూకుతాడు."

"ఎంతవరకు?"

"చివరిదాకా."

"వీడు మందకొడి అయ్యుంటే నేనే దూకుతాడని చెప్పేవాణ్ణే పిచ్చిదానా. జన్మంతా ఎవడో ఒకడి తోక చూసుకుంటూ బతికేసేవాడు, ఏ బాధా లేదు. వీడికి కాళ్ళున్నాయి. మామూలు కాళ్ళా? మీ అమ్మ పోయాక ఇన్నేళ్ళలో నేను విన్న కాళ్ళలో ఇంత తియ్యగా పలికినవి లేవు." తైగ్ కప్పు అంచు వేలితో తడిమాడు. "అవే కాళ్ళు ఏదో ఒకరోజు వాణ్ణి అందరికంటే ముందుకి తీసుకెళ్ళి నిలబెడతాయి. అప్పుడు వాడు తోడు కోసం వెనక్కి చూస్తాడు. ముందేమో తడిక ఉంటుంది."

"నేర్చుకుంటాడు. టైమివ్వు."

"కుంటిదానికి నేర్పొచ్చు, మొండిదానికి నేర్పొచ్చు. దిగులుకి ఎవరు నేర్పుతారే?"

ఊనా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట లాయం తలుపు మీదుగా రెండు తలలు, ఒకటి తెల్లది ఒకటి నల్లది, ఒకే వానని చూస్తున్నాయి.

మర్నాడు పెగ్ వచ్చింది. వస్తూనే మొహాలు చూసింది. తైగ్ వాకిట్లో నిలబడే చెప్పాడు.

"వద్దు పెగ్."

"ఏం వద్దు?"

"హర్డిల్స్‌కి వద్దు. చదును పందేలకి పంపు, లేదా అమ్ముకో. తోడుంటేనే దూకుతాడు. తోడు లేని రోజు చచ్చిపోతాడు."

పెగ్ మొహంలోకి రక్తం పొంగింది. "నా కళ్ళతో నేను చూశాను తైగ్ లూబీ. నీ కళ్ళ సంగతేంటో ఊరంతా అనుకుంటున్నారు, నేనే నోరు మూయించాను ఇన్నాళ్ళూ. ఇంట్లో కుర్చీ ఎక్కడుందో తడుముకునేవాడివి నువ్వు నా గుర్రాన్ని..." అని ఆగి, గిరుక్కున ఊనా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. వాడి వీపు మీదున్నదానివి నువ్వు. దూకుతాడా, దూకడా?"

వాకిట్లో కోళ్ళు కూడా తిరగడం మానేసినట్టు అనిపించింది. ఊనా నాన్న వైపు చూసింది. తెల్లపొర కమ్మిన ఆ కళ్ళు ఆమె గొంతు ఉన్న దిక్కుకేసి తిరిగి ఉన్నాయి, వేచి ఉన్నాయి. పెగ్ వెనకాల, సగం తలుపు మీదుగా, జాక్‌డా తల. ఓడ. ఇంగ్లండు. ఇంకొక ఖాళీ లాయం.

"దూకుతాడు," అంది ఊనా. "నేనెక్కినవాటిలో ఇంత బాగా దూకినది లేదు."

అందులో అక్షరం అబద్ధం లేదు.

తైగ్ బిషప్ దగ్గరికి నడిచి, దాని ముందు కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, గిట్టలో ఇరుక్కున్న బురద పుల్లతో తీయడం మొదలుపెట్టాడు. తలెత్తలేదు. "నా కూతురు అబద్ధమాడుతోంది" అన్న చిన్న మాట చాలు, ఆయన పరువు ఆయనకి ఉండిపోయేది. ఆ మాట ఆయన గొంతు దాటి రాలేదు.

కబురు ఊళ్ళు దాటింది. సొంత కూతురే తండ్రి తీర్పు కొట్టేసిందట. ముసలాడికి చూపుతో పాటు చెవి కూడా పోయిందట. రావాల్సిన ట్రైలర్లు గేటు ముందు నెమ్మదించకుండా వెళ్ళిపోయాయి. ఆ శరత్తులో తైగ్ పొద్దున్నే లేచి, సుత్తి తీసుకుని, ఎవరూ దూకని తడికల్ని బిగించి వచ్చేవాడు. ఊనా ట్రైనర్ దగ్గర జాక్‌డాతో ఉండేది. ఆదివారాలు ప్రార్థనకి వచ్చి, భోంచేసి వెళ్ళేది. తండ్రీ కూతుళ్ళు బంగాళాదుంపల గురించి, వాన గురించి మాట్లాడుకునేవాళ్ళు. వాటి గురించి అంతసేపు మాట్లాడొచ్చని అంతకుముందు వాళ్ళకి తెలియదు.

పందెం రోజు పొద్దున మాత్రం, దారిలో ఊనా ట్రైలర్‌ని ఇంటి ముందు ఆపిస్తే, ఆయన గేటుదాకా వచ్చాడు. ట్రైలర్‌ని తడుముకుంటూ వెళ్ళి, కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి, జాక్‌డా మూతి వెతుక్కుని ఊదాడు. తర్వాత ఊనా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ముందుకి రానివ్వకు. వాడు లాగుతాడు, చేతులు పీకేస్తాడు. పీకనీ. ఎవడో ఒకడి తోక వాడికి కనపడుతూ ఉండాలి, ఆఖరి తడిక దాటేదాకా. దాటాక వదిలెయ్. చదును మీద వాణ్ణి పట్టేవాడు లేడు. విన్నావా?"

"విన్నా నాన్నా."

"గెలుస్తావు, పో."

ఆయన అన్నట్టే చేసింది. డిసెంబరు వాన మొహాన కొడుతుంటే, వేళ్ళు మొద్దుబారిపోతుంటే, జాక్‌డాని గుంపు మధ్యలో దాచిపెట్టింది. అది ఒక్కొక్క తడికనీ పాటలో చరణంలా దాటింది. ఒక్కొక్క గుర్రమే అలిసి వెనకబడుతోంది. ఆఖరి నుంచి రెండో తడిక దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ ముందు ఒకే ఒక్కటి మిగిలింది, బలమైన ఎర్రగుర్రం, ఇంకా పరుగు మిగిలున్నది. ఊనాకి ఏడుపొచ్చినంత పనైంది సంతోషంతో. ఆ ఎర్రతోక చాలు. ఇంకొక్క తడిక వరకు ఆ తోక ఉంటే చాలు.

ఎర్రగుర్రం కాలు తడికకి తగిలి పడిపోయింది.

జాక్‌డా దాని పక్కనుంచి దూకి నేల మీదికి వచ్చేసరికి ముందు ఏమీ లేదు. తడిసిన పచ్చిక ఉంది, వాన ఉంది, దూరంగా ఒకే ఒక తడిక, దాని అవతల జనం కేకలు. ఊనా పగ్గాలు బిగించింది. వెనకాల వచ్చేవి కలుస్తాయని, కలవాలని, గుండెలవిసేలా లాగింది. అవి చాలా దూరంలో ఉన్నాయి. జాక్‌డాకి మంచి కాళ్ళున్నాయి. పెగ్ ఎక్కడో "డోనల్! డోనల్!" అని అరుస్తోంది. నల్లటి చెవులు రెండూ మెల్లగా వెనక్కి తిరిగాయి. ఊనా వంగి దాని మెడ మీద అరిచింది, "నేనున్నారా, ఇక్కడే ఉన్నా!" మెడ పక్కకి మెలితిరిగింది.

తడిక అవతల పడ్డ ఊనా మెడ ఎముక విరిగిందేమో అని వైద్యులు పరిగెత్తుకొచ్చారు. విరిగింది భుజం. మెడ విరిగింది జాక్‌డాకి. అది ఇంక కదల్లేదు. వెనకాల వచ్చిన గుర్రాలన్నీ దాన్ని దాటుకుని వెళ్ళిపోయాయి.

పెగ్ బురదలో చెప్పులు ఊడిపోగా మేజోళ్ళతో వచ్చింది. ఊనా లేచి కూర్చుని, పళ్ళ బిగువున, "మీకు చెప్పాల్సింది నేను చెప్పలేదు పెగ్. నాన్న చెప్పింది నిజం. నాకు తెలుసు," అంది.

పెగ్ ఆమె వైపు చూడలేదు. డోనల్ కోటు విప్పి జాక్‌డా తల మీద కప్పింది. "తడుస్తున్నాడు," అంది, అక్కడున్న ఎవరితోనో. ఆ తర్వాత పెగ్ ఊనాతో మాట్లాడలేదు.

చీకటి పడకముందే ఒక పొరుగువాడు ట్రైలర్ తోలుకుంటూ ఊనాని ఇంటికి తెచ్చాడు. తైగ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరూ ఆయనకి ఫోన్ చెయ్యలేదు. కానీ గుర్రం లేని ట్రైలర్ గతుకుల దారిలో వేరే రకంగా మోగుతుంది, రేకు రేకుకీ కొట్టుకుంటుంది. మలుపు దగ్గరే వినుంటాడు. ఊనా దిగేసరికి ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"భుజమా?" అన్నాడు.

"అవును."

"లోపలికి రా. మంట వేశాను."

చాలా రోజులు ఆయన ఇంకేమీ అడగలేదు. ఒకనాటి మధ్యాహ్నం పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా అడిగాడు, "ఆఖర్న... చెవులు వెనక్కి పెట్టాడా?"

"పెట్టాడు. నేనున్నానని అరిచాను నాన్నా. వాడి మీదే ఉన్నాను కదా. అయినా ఇంకెవరికోసమో చూశాడు."

తైగ్ చాలాసేపు మంటని వింటూ కూర్చున్నాడు. "వీపు మీదున్నవాళ్ళు గుర్రానికి కనపడరమ్మా," అన్నాడు.

ఆమె ఏడ్చింది. ఆయన ఏడవనిచ్చాడు. బాగానే చేశావనలేదు, తప్పు చేశావనలేదు. గిన్నెలో మిగిలిన పులుసు వేడి చేసి తెచ్చి ముందు పెట్టాడు, కొంచెం నేల మీద ఒలికింది.

ఆ పందెం తర్వాత తైగ్ మాటకి మళ్ళీ విలువొచ్చింది. అంతటి గుర్రం చస్తుందని ముందే చెప్పిన మనిషి అని సారాకొట్లో గొంతు తగ్గించి చెప్పుకున్నారు. ట్రైలర్లు మళ్ళీ గేటు ముందు ఆగడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటి ఆగినప్పుడల్లా ఆయన మొహం చిన్నబోయేది. ఆ పేరు ఏ ధరకి తిరిగొచ్చిందో ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

చలికాలం చివర్లో తైగ్ దగ్గు గుండెల్లోకి దిగింది. పాదిరీ వచ్చి చివరి ప్రార్థన చదివి వెళ్ళాడు. ఆ రోజుల్లోనే కిల్కెనీ నుంచి ఒక యువ జంట చిన్న ఎర్రటి ఆడగుర్రాన్ని తీసుకొచ్చింది. వాళ్ళ పొలంలో పుట్టిన మొదటి గుర్రమట. దానికి పేరు పెట్టడానికే నెల రోజులు దెబ్బలాడుకున్నారట. మొదటి రోజు బిషప్ వెనకాల చక్కగా దూకింది. రెండో రోజు పక్కన దూకింది. మూడో రోజు పొద్దున ఆ జంట వాకిట్లో చేతులు పట్టుకుని నిలబడ్డారు.

ఊనా లోపలికొచ్చి మంచం పక్కన నిలబడింది. "నువ్వే వినాలి నాన్నా. కిటికీ తెరుస్తాను. ఇక్కణ్ణుంచి వినపడుతుంది."

తైగ్ తల అడ్డంగా ఊపాడు. ఊపిరి బిషప్ ఊపిరిలాగే ఈల వేస్తోంది. "నువ్వు విను."

"నా మాట ఎవరు నమ్ముతారు?"

"నువ్వు చెప్పి చూడు."

"ఆ పిల్లల మొహాలు చూశావా... చూడలేవులే. అవి చూస్తూ నేను..." ఆయన చెయ్యి దుప్పటి మీద ఆమె చెయ్యి కోసం వెతికింది. దొరికాక ఊరికే పట్టుకుని ఉన్నాడు, గుర్రం పగ్గం పట్టుకున్నట్టు వదులుగా. బయట ఆ చిన్న ఆడగుర్రం గిట్టతో నేల గీరుతోంది. కాసేపటికి ఆయనే చెయ్యి వదిలేశాడు.

ఆమె తిరిగొచ్చేసరికి ఆయన మాట్లాడే స్థితిలో లేడు, మళ్ళీ మాట్లాడలేదు కూడా. గడప దాటుతున్న ఊనాకి వెనకనుంచి వినిపించినవే ఆయన చివరి మాటలు.

"కాదనిపిస్తే కాదనే చెప్పు తల్లీ. ఏడుస్తారు. ఇక్కడే ఏడవనీ."